కంపైల్ అయిన ప్రోగ్రామ్ రన్ కావట్లేదా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సమస్య. ప్రోగ్రామ్ ఒక్క తప్పు లేకుండా కంపైల్ అవుతుంది (అంటే రాసిన కోడ్ కంప్యూటర్ నడిపే ఫైల్‌గా మారుతుంది), రన్ చేయగానే ఏదో లైబ్రరీ, అంటే మన ప్రోగ్రామ్ వాడుకునే వేరేవాళ్ల రెడీమేడ్ కోడ్ ఫైల్, దొరకలేదని ఆగిపోతుంది. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చాం. కమాండ్లు, ఫైళ్ల పేర్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్తాం.

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ, బీటెక్ మూడో ఏడు. మినీ ప్రాజెక్టు కోసం సీ ప్లస్ ప్లస్‌లో ఎస్ఎఫ్ఎంఎల్ (గేమ్‌లకు బొమ్మలు, శబ్దాలు చూసుకునే లైబ్రరీ) వాడి చిన్న గేమ్ రాశాను. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ 22.04 ఉంది, అందులో మంచిగా నడుస్తది. మా ల్యాబ్‌లో సిస్టమ్‌లన్నీ 24.04. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని పోయి రన్ చేస్తే "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్" అని, తర్వాత లిబ్‌ఎస్ఎఫ్ఎంఎల్-గ్రాఫిక్స్.ఎస్‌ఓ.2.5 అని, చివర "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వస్తుంది. ల్యాబ్‌లో 2.6 ఉంది కదా, దానికే 2.5 అని లింకు పెట్టమని ఫ్రెండ్ అన్నాడు. పెట్టినం. ఇప్పుడు ఓపెన్ అయితుంది కానీ మధ్యలో సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని పడిపోతుంది. వచ్చే వారం రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ లింకు (ఒక ఫైల్‌ని చూపించే ఇంకో పేరు) తీసేయండి. గేమ్ పడిపోవడానికి కారణం అదే కావచ్చు, ఎందుకో చెప్తాను.

మీరు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లిన ఫైల్‌లో మీ కోడ్ మాత్రమే ఉంది, ఎస్ఎఫ్ఎంఎల్ కోడ్ లేదు. కంపైల్ చేసినప్పుడు లింకర్ (మీ కోడ్‌ని లైబ్రరీలతో జతచేసే ప్రోగ్రామ్), కిరాణా కొట్టుకు పంపే పిల్లాడి చేతికి ఇచ్చినట్టు, మీ ప్రోగ్రామ్‌కి ఒక చీటీ ఇచ్చి పంపుతుంది. దాంట్లో ఏయే లైబ్రరీలు కావాలో పేర్లు ఉంటాయి, మీ చీటీలో 2.5 అని స్పష్టంగా ఉంది. రన్ చేసినప్పుడు మీ మెయిన్ ఫంక్షన్ కంటే ముందే డైనమిక్ లోడర్ అనే ఇంకో ప్రోగ్రామ్ లేచి, ఆ చీటీ చదివి, ఒక్కో పేరునూ వెతికి మెమరీలోకి తెస్తుంది. ఒక్కటి దొరక్కపోయినా అక్కడే ఆపేస్తుంది, అందుకే మీ కోడ్‌లో ఒక్క లైన్ కూడా నడవకముందే ఎర్రర్ వస్తుంది. కాబట్టి కోడ్‌లో తప్పు వెతుకుతూ రాత్రులు కూర్చోవాల్సిన పని లేదు.

ఏది దొరికింది ఏది దొరకలేదు అని చూడటానికి ఎల్‌డీడీ అనే కమాండ్ ఉంది. టెర్మినల్‌లో ఎల్‌డీడీ అని కొట్టి, కొంచెం ఖాళీ ఇచ్చి ./గేమ్ అని మీ ఫైల్ పేరు ఇవ్వండి. వరుసగా ఇలాంటి లైన్లు వస్తాయి:

లిబ్‌ఎస్ఎఫ్ఎంఎల్-గ్రాఫిక్స్.ఎస్‌ఓ.2.5 => నాట్ ఫౌండ్
లిబ్‌ఎస్ఎఫ్ఎంఎల్-విండో.ఎస్‌ఓ.2.5 => నాట్ ఫౌండ్
లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.6 => /లిబ్/ఎక్స్86_64-లైనక్స్-గ్నూ/లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.6

బాణం గుర్తుకు ఎడమవైపు చీటీలో ఉన్న పేరు, కుడివైపు అది దొరికిన చోటు. ఎర్రర్‌లో మీకు ఒక్క పేరే కనిపిస్తుంది, ఎందుకంటే లోడర్ మొదటి దానికే ఆగిపోతుంది. ఎల్‌డీడీ అయితే లేనివన్నీ ఒకేసారి చూపిస్తుంది, దాంతో ఒకటి సరిచేసి రన్ చేసి ఇంకో ఎర్రర్ చూసి మళ్లీ మొదలుపెట్టే తిప్పలు తప్పుతాయి. ఒక్క జాగ్రత్త: ఎక్కడి నుంచో దింపుకున్న, నమ్మకం లేని ప్రోగ్రామ్ మీద ఎల్‌డీడీ కొట్టకండి, కొన్నిసార్లు అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపించే ప్రమాదం ఉంది. అలాంటివాటికి రీడ్‌ఎల్ఫ్ -డీ వాడండి, అది ఫైల్‌ని ఊరికే చదివి చెప్తుంది. అందులో నీడెడ్ అని ఉన్న లైన్లే ఆ చీటీ.

ఇక లింకు సంగతి. ఫైల్ పేరు చివర ఉన్న 2.5, 2.6 అలంకారానికి పెట్టినవి కావు. ఒక క్లాస్ ఆబ్జెక్ట్ ఎన్ని బైట్లు పడుతుంది, ఏ మెంబర్ ఎక్కడ ఉంటుంది, ఏ ఫంక్షన్‌కి ఏమేం ఇవ్వాలి అనే లెక్కలన్నీ కంపైల్ అయినప్పుడే మీ ఫైల్‌లో పాతుకుపోతాయి. లైబ్రరీ రాసినవాళ్లు ఆ నంబర్ మార్చారంటే పాత లెక్క కొత్తదానికి సరిపోతుందన్న హామీ లేదని చెప్తున్నట్టు. లింకు పెట్టి పేరు కలిపితే లోడర్ నమ్మేస్తుంది గానీ మెమరీలో లెక్క కలవదు. అదృష్టం బాగుంటే వెంటనే పడిపోతుంది, బాగోలేకపోతే స్కోరు తప్పుగా చూపిస్తూ రివ్యూ దాకా నడుస్తుంది.

మీకు సరైన దారి చాలా సింపుల్. కంపైల్ అయిన ఫైల్ బదులు సోర్స్ పట్టుకెళ్లండి. ల్యాబ్ సిస్టమ్‌లో లిబ్‌ఎస్ఎఫ్ఎంఎల్-డెవ్ ప్యాకేజీ ఉంటే అక్కడే కంపైల్ చేయండి, అప్పుడు చీటీలో 2.6 పడుతుంది. ప్యాకేజీ లేకపోతే ల్యాబ్ అసిస్టెంట్‌ని ముందురోజే అడిగి పెట్టించుకోండి. 2.5, 2.6 రెండూ రెండో సిరీస్‌వే కాబట్టి మామూలుగా మీ కోడ్ మార్చాల్సిన పని ఉండదు.

ల్యాబ్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయనివ్వకపోతే రెండో దారి. గేమ్ పక్కనే లిబ్ అని ఒక ఫోల్డర్ పెట్టి, మీ ల్యాప్‌టాప్ నుంచి 2.5 ఫైళ్లు అందులో వేసుకొని, కంపైల్ చేసేటప్పుడు -డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్,'$ఆరిజిన్/లిబ్' అని జోడించండి. డబ్ల్యూ, ఆరిజిన్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. సింగిల్ కోట్స్ మర్చిపోతే షెల్ ఆ డాలర్‌ని తినేస్తుంది, మేక్‌ఫైల్‌లో అయితే డాలర్ రెండుసార్లు రాయాలి. ఆరిజిన్ అంటే ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో ఉంటే ఆ ఫోల్డర్, కాబట్టి పెన్‌డ్రైవ్ ఏ సిస్టమ్‌కి పెట్టినా పక్కనున్న లిబ్‌లోనే వెతుకుతుంది.

ఇక్కడ చాలామంది పిల్లలు ఇరుక్కునే చోటు ఒకటుంది. లిబ్‌ఎస్ఎఫ్ఎంఎల్-గ్రాఫిక్స్.ఎస్‌ఓ.2.5 అనేది అసలు ఫైల్ కాదు, 2.5.1 అనే ఫైల్‌కి లింకు. పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటాయి, అందులో లింకులు నిలవవు. కాపీ చేసేటప్పుడు సీపీ -ఎల్ అని, ఆ ఎల్ పెద్ద అక్షరంలో కొట్టండి, లింకు బదులు అసలు సరుకు 2.5 పేరుతోనే వస్తుంది. ఆ లైబ్రరీలకు మళ్లీ వేరే లైబ్రరీలు కావాలి కాబట్టి ల్యాబ్‌లో వాటి మీద కూడా ఎల్‌డీడీ కొట్టి చూడండి. ఇదంతా రివ్యూ రోజు పొద్దున కాకుండా రెండు రోజుల ముందే చేసి పెట్టుకోండి.

ప్రశ్న: కాజీపేట నుంచి. ఓపెన్‌సీవీ (ఫోటోలు, వీడియోలను విశ్లేషించే లైబ్రరీ) 4.8ని సోర్స్ నుంచి బిల్డ్ చేసి మేక్ ఇన్‌స్టాల్ కూడా కొట్టాను. నా ప్రోగ్రామ్ -ఎల్ తో దారి ఇస్తే కంపైల్ అయింది. రన్ చేస్తే లిబ్‌ఓపెన్‌సీవీ_కోర్.ఎస్‌ఓ.408 లేదంటుంది. ఫైల్ /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో కళ్లముందే ఉంది! ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (ఏ ఫోల్డర్‌లో వెతకాలో లోడర్‌కి చెప్పే సెట్టింగ్, పెద్ద అక్షరాల్లో రాస్తారు) పెడితే నడిచింది కానీ సుడో (రూట్, అంటే అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్) పెట్టి నడిపితే మళ్లీ అదే పాట. బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే చదివే ఫైల్) కూడా రాశాను, ఫలితం లేదు.

జవాబు: ఫైల్ ఉంది, మీరు చూస్తున్నారు, లోడర్ మాత్రం చూడట్లేదు. మీ ఉత్తరంలో ఉన్న చిక్కంతా ఇదే.

పెద్ద ఎల్ తో ఇచ్చే దారి కంపైల్ సమయంలో లింకర్‌కి మాత్రమే పనికొస్తుంది. అది ప్రోగ్రామ్‌లోకి ఎక్కదు. రన్ టైమ్‌లో లోడర్‌కి దాని వరస దానికి ఉంది: ప్రోగ్రామ్‌లో రాసిన దారి ఉంటే అది, మీరు పెట్టిన ఎల్‌డీ_లైబ్రరీ_పాత్, ఆ తర్వాత /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.క్యాష్ అనే ఫైల్, చివరికి /లిబ్, /యూఎస్ఆర్/లిబ్. డిస్క్ అంతా గాలించడం ఉండదు. ఆ క్యాష్ అనేది ఏ లైబ్రరీ ఎక్కడుందో ముందే రాసిపెట్టుకున్న పట్టిక. మీరు కొత్త ఫైళ్లు వేశారు, పట్టిక పాతదే ఉంది. సుడో ఎల్‌డీకాన్ఫిగ్ అని ఒక్కసారి కొట్టండి, పట్టిక మళ్లీ తయారవుతుంది. ఉబుంటులో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ముందే ఆ జాబితాలో ఉంటుంది కాబట్టి మీ పని అంతటితో అయిపోవాలి. ఎల్‌డీకాన్ఫిగ్ -పీ అని కొట్టి, గ్రెప్ తో ఓపెన్‌సీవీ అని వెతికి ఖాయం చేసుకోండి. మీరు ఎప్పుడైనా ఫెడోరా, రెడ్‌హ్యాట్ తరహా సిస్టమ్ మీద పని చేస్తే అక్కడ ఈ ఫోల్డర్ జాబితాలో ఉండదు, /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీ లో .కాన్ఫ్ తో ముగిసే చిన్న ఫైల్ పెట్టి, అందులో ఆ దారి ఒక లైన్‌గా రాసి, తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టాలి.

సుడోతో ఎందుకు పోయిందంటే, అది కావాలనే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని తీసి పక్కన పెడుతుంది. లేకపోతే ఎవరైనా తమ ఫోల్డర్‌లో దొంగ లైబ్రరీ పెట్టి, రూట్ అధికారంతో దాన్ని నడిపించుకోవచ్చు. ఇది మీ రక్షణ కోసం పెట్టిన కట్టుబాటు, దాన్ని తప్పించుకునే దారులు వెతకకండి. అలాగే బ్యాష్‌ఆర్‌సీ మీరు తెరిచిన టెర్మినల్ వరకే. అదే ప్రోగ్రామ్‌ని రేపు సిస్టమ్‌డీ సర్వీస్‌గా (సిస్టమ్ తనంతట తానే నడిపేలా) పెడితే అది బ్యాష్‌ఆర్‌సీని చదవనే చదవదు.

నా మాట వింటే బ్యాష్‌ఆర్‌సీలో ఆ లైన్ ఈరోజే తీసేయండి. అది మీ ఓపెన్‌సీవీ ప్రోగ్రామ్‌కి ఒక్కదానికే కాదు, ఆ టెర్మినల్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ వర్తిస్తుంది, ఎప్పుడో ఒకరోజు సంబంధం లేని ప్రోగ్రామ్ ఇంకో వెర్షన్ లైబ్రరీని ఎత్తుకొని చెడిపోతే కారణం పట్టుకోవడానికి చుక్కలు కనిపిస్తాయి. పరీక్షించుకోవడానికి ఆ సెట్టింగ్‌ని ఒక్క కమాండ్ ముందు పెట్టి వాడుకోండి, అంతవరకు అది మంచి పనిముట్టే. లోడర్ ఎక్కడెక్కడ వెతుకుతుందో కళ్లారా చూడాలంటే పెద్ద అక్షరాల్లో ఎల్‌డీ_డీబగ్ అని రాసి, =లిబ్స్ అని చిన్న అక్షరాల్లో చేర్చి, అదే లైన్‌లో మీ ప్రోగ్రామ్ పేరు ఇవ్వండి. అది తొక్కిన ప్రతి ఫోల్డర్ పేరు లైన్ లైన్‌గా వస్తుంది. ఒక్కసారి ఆ లైన్లు ఓపిగ్గా చదివితే ఈ విషయం మీకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మాది పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ దగ్గర రైస్ మిల్లు. లారీలు తూచే కాంటాకు ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది, చాలా ఏండ్ల కింద రాయించినం. పాత కంప్యూటర్ పోయింది, కొత్త విండోస్ కంప్యూటర్‌లో వేస్తే "వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ వాజ్ నాట్ ఫౌండ్" అంటున్నది. రాసినాయన ఇప్పుడు దొరకడం లేదు. మా పిల్లగాడు నెట్‌లో వెతికి ఆ డీఎల్ఎల్ దింపి సిస్టమ్32లో వేసిండు. ఇప్పుడు 0ఎక్స్‌సీ000007బీ అని ఇంకో ఎర్రర్. వడ్ల బండ్లు వచ్చి ఆగుతున్నాయి, తొందరగా చెప్పండి సార్.

జవాబు: మీ పిల్లగాడు వేసిన ఆ ఫైల్‌ని ముందు తీసేయమనండి, తీసి ఒకసారి యాంటీవైరస్ స్కాన్ పెట్టమనండి. ఒక్కో డీఎల్ఎల్‌ని (విండోస్‌లో లైబ్రరీ ఫైల్‌ని అలా అంటారు) విడిగా ఇచ్చే సైట్లలో ఆ ఫైల్ ఎవరు పెట్టారో, లోపల ఏం కలిపారో తెలియదు. మీ కాంటా లెక్కలన్నీ ఉన్న కంప్యూటర్ అది.

మీకు కావాల్సింది మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్, ఆ డీఎల్ఎల్ అందులోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సొంత సైట్ నుంచే దింపుకోండి. అందులో ఎక్స్86 అని ఒకటి, ఎక్స్64 అని ఒకటి ఉంటాయి, రెండూ వేయండి. కంప్యూటర్ 64 బిట్ కాబట్టి ఎక్స్64 చాలనుకుంటారు చాలామంది, కానీ అన్నేళ్ల కింద రాయించిన మీ ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయ్యే అవకాశమే ఎక్కువ, దానికి ఎక్స్86 కావాలి. ఆ రెండో ఎర్రర్ కూడా చాలావరకు ఇక్కడిదే, 32 బిట్ ప్రోగ్రామ్‌కి 64 బిట్ ఫైల్ తగిలినా, లేక 64 బిట్‌కి 32 తగిలినా ఆ నంబరే వస్తుంది. పేర్లు చూసి మోసపోకండి, 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ఫైళ్లు ఉండేది సిస్టమ్32లో, 32 బిట్ ఫైళ్లు ఉండేది సిస్‌వావ్64లో. ఇన్‌స్టాలర్‌కి వదిలేస్తే ఎక్కడ పెట్టాల్సింది అక్కడ పెడుతుంది.

ప్రోగ్రామ్ లేచాక కామ్ పోర్ట్ (కాంటా నుంచి బరువు కంప్యూటర్‌కి వచ్చే పోర్ట్) నంబర్ పాత కంప్యూటర్‌లో ఎంత ఉండేదో అంతే ఉందో లేదో చూసుకోండి. కాంటా బరువు రాకపోతే అప్పుడు అది లైబ్రరీ సమస్య కాదు.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో డిప్లొమా చదువుతున్నాను. మింగ్‌డబ్ల్యూతో (విండోస్‌లో వాడే ఒక కంపైలర్) చేసిన ఈఎక్స్ఈ ఫ్రెండ్ కంప్యూటర్‌లో లిబ్‌ఎస్‌టీడీసీ++-6.డీఎల్ఎల్ లేదంటుంది.

జవాబు: కంపైల్ లైన్ చివర -స్టాటిక్ అని పెట్టండి. లైబ్రరీ మీ ఈఎక్స్ఈలోనే కలిసిపోతుంది, ఫైల్ సైజు పెరుగుతుంది, దానికేం పర్వాలేదు. లేదంటే మింగ్‌డబ్ల్యూ బిన్ ఫోల్డర్‌లో ఉన్న ఆ డీఎల్ఎల్‌ని ఈఎక్స్ఈ పక్కనే పెట్టి ఇవ్వండి, విండోస్ మామూలుగా ముందు చూసేది ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే.

ప్రశ్న: మంచిర్యాలలో నలుగురం కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నాం. మా సిస్టమ్‌లు ఉబుంటు 22.04, కస్టమర్ సర్వర్ 20.04. ప్రోగ్రామ్ పంపిస్తే "వెర్షన్ జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్" అని వస్తుంది. మా సిస్టమ్ నుంచి లిబ్‌సీ.ఎస్‌ఓ.6 కాపీ చేసి సర్వర్‌లో వేద్దామా?

జవాబు: వేయకండి. దయచేసి వేయకండి. ఆ సర్వర్‌లో ఎల్‌ఎస్, సీపీ, సుడో దగ్గర్నుంచి దాదాపు ప్రతి కమాండ్ ఆ ఒక్క ఫైల్ మీద ఆధారపడి నడుస్తుంది. అది చెడితే వేసిన తప్పుని వెనక్కి తీసుకోవడానికి సీపీ కూడా నడవదు, బయటి నుంచి లాగిన్ కూడా కాలేకపోవచ్చు. కస్టమర్ సర్వర్ మీద ఆ సాహసం వద్దు.

మీ ఎర్రర్ పైవాళ్లది లాంటిది కాదు, ఇక్కడ ఫైల్ దొరికింది, అందులో మీకు కావాల్సిన వెర్షన్ లేదు. జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లో దాదాపు అన్ని ప్రోగ్రామ్‌లూ ఆధారపడే మూల సీ లైబ్రరీ, ఆ లిబ్‌సీ ఫైల్ దానిదే. 20.04లో ఉన్న జీలిబ్‌సీ 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. జీలిబ్‌సీ పాతవాటిని కొత్తదాంట్లో నడవనిస్తుంది, కొత్తవాటిని పాతదాంట్లో నడవనివ్వదు. మీరు 2.34లో వచ్చిన ఫంక్షన్ ఏదీ వాడలేదని అనుకుంటారు, కానీ 2021లో వచ్చిన ఆ వెర్షన్‌లో ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ గుర్తు వేశారు, పీథ్రెడ్ లైబ్రరీని కూడా లిబ్‌సీలోనే కలిపేశారు. అందుకని 22.04లో చేసిన "హలో వరల్డ్" కూడా 20.04లో లేవదు.

అన్నిటికంటే పాత సిస్టమ్ ఏదో దాని మీదే బిల్డ్ చేయండి. పాత కంప్యూటర్ వెతకాల్సిన పని లేదు, డాకర్‌లో (మీ కంప్యూటర్‌లోనే వేరే సిస్టమ్ వాతావరణాన్ని నడిపే పనిముట్టు) ఉబుంటు 20.04 ఇమేజ్ తీసుకొని, మీ సోర్స్ ఫోల్డర్‌ని దానికి మౌంట్ చేసి, అందులో కంపైల్ చేస్తే చాలు, ఆ ఫైల్ 20.04లో, 22.04లో, 24.04లో నడుస్తుంది, మీరు వాడే మిగతా లైబ్రరీల వెర్షన్లు కూడా కలిస్తే. మిగతా లైబ్రరీల్లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని (నెట్ మీద డేటాను భద్రంగా పంపడానికి వాడే లైబ్రరీ) తప్పకుండా చూడండి: 20.04లో చేసింది లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్‌ఓ.1.1 అడుగుతుంది, 22.04 నుంచి ఉన్నది లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్‌ఓ.3. అక్కడ ఒక్కో దానికి విడిగా బిల్డ్ చేయక తప్పదు. పాత 1.1 ప్యాకేజీని ఎక్కడి నుంచో తెచ్చి కొత్త సర్వర్‌లో వేయమని సలహాలు కనిపిస్తాయి, 1.1.1కి 2023 సెప్టెంబర్ నుంచి మామూలుగా సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, బయటి నెట్‌కి తెరిచి ఉన్న సర్వర్‌లో అది పెట్టడం నేను ఒప్పుకోను. అసలు 20.04కే మామూలు సపోర్ట్ 2025లో అయిపోయింది, ఆ మాట కస్టమర్‌కి మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పండి.

ప్రశ్న: నిర్మల్ నుంచి. ఫైల్ అక్కడే ఉంది, ఎల్‌ఎస్ కొడితే కనిపిస్తుంది, పర్మిషన్ కూడా ఇచ్చాను. ./ప్రోగ్ అని కొడితే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది. లైబ్రరీ పేరు కూడా చెప్పట్లేదు.

జవాబు: ఫైల్ అనే కమాండ్ ఇచ్చి ఆ ప్రోగ్రామ్ పేరు ఇవ్వండి. 32-బిట్ అని వస్తే సంగతి తెలిసినట్టే. ఇక్కడ దొరకనిది మీ ఫైల్ కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన 32 బిట్ లోడర్. ఉబుంటులో సుడో డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386, తర్వాత సుడో ఏపీటీ అప్‌డేట్, తర్వాత సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ లిబ్‌సీ6:ఐ386. దాని తర్వాత ఎల్‌డీడీ కొడితే ఇంకా ఏవేం కావాలో చెప్తుంది, వాటికి కూడా చివర :ఐ386 పెట్టి వేసుకోండి. ఏ ఫైల్ ఏ ప్యాకేజీలో ఉందో తెలియకపోతే ఏపీటీ-ఫైల్ అనే ప్యాకేజీ వేసుకొని, ఏపీటీ-ఫైల్ అప్‌డేట్ కొట్టి, ఏపీటీ-ఫైల్ సెర్చ్ అని ఆ ఎస్‌ఓ ఫైల్ పేరు ఇవ్వండి, ప్యాకేజీ పేరు చెప్తుంది.

ప్రశ్న: భూపాలపల్లి నుంచి. ఉబుంటు 24.04లో డేటాబేస్ క్లయింట్ ఒకటి లిబ్‌ఏఐఓ.ఎస్‌ఓ.1 లేదంటుంది. ప్యాకేజీ వేశాను, కానీ ఫైల్ పేరు లిబ్‌ఏఐఓ.ఎస్‌ఓ.1టీ64 అని ఉంది. పేరు వేరైతే లింకు పెట్టొద్దని అందరూ అంటారు. మరి నేనేం చేయాలి?

జవాబు: మీరు లింకు పెట్టుకోవచ్చు. 32 బిట్ టైమ్ లెక్క 2038 జనవరి 19న నిండిపోతుంది, దాన్ని 64 బిట్‌కి మార్చే పనిలో ఉబుంటు, డెబియన్ వాళ్లు చాలా ప్యాకేజీల పేర్లకు టీ64 తగిలించారు, కొన్నిచోట్ల ఇలా ఫైల్ పేరు కూడా మారింది. మామూలు 64 బిట్ పీసీలో ఆ టైమ్ లెక్క ముందునుంచీ 64 బిట్‌దే, అంటే పేరు మారింది గానీ లోపలి లెక్క మారలేదు. హనుమకొండ అమ్మాయి గేమ్‌లో 2.5, 2.6 మధ్య అలాంటి భరోసా లేదు, ఇక్కడ ఉంది. సుడో ఎల్ఎన్ -ఎస్ తో /యూఎస్ఆర్/లిబ్/ఎక్స్86_64-లైనక్స్-గ్నూ ఫోల్డర్‌లో ఉన్న లిబ్‌ఏఐఓ.ఎస్‌ఓ.1టీ64కి అదే ఫోల్డర్‌లో లిబ్‌ఏఐఓ.ఎస్‌ఓ.1 అని లింకు ఇవ్వండి. ఏ రోజు, ఎందుకు పెట్టారో ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి సర్వర్‌లోనే ఉంచండి, క్లయింట్ తయారుచేసినవాళ్లు కొత్త పేరుకు తగ్గట్టు వెర్షన్ విడుదల చేసినప్పుడు దాన్ని తీసేయాలి.